పెదనాన్నకి నీటికాసులు, నాన్నకి గ్లాకోమా

మూడేళ్ళ కిందట పెరంబూర్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల కల్యాణ మండపంలో ఉచిత కంటి క్యాంపు పెట్టారు. అక్కడ నాన్నకి ఇచ్చిన చీటీ ఇప్పటికీ మా బీరువాలో రేషన్ కార్డు పక్కన ఉంది. కంటి ఒత్తిడి కుడి 16, ఎడమ 17, దాని కింద నీలం ఇంకుతో నార్మల్ అని ఇంగ్లీషులో రాసి, రెండు గీతలు కూడా గీశారు. అమ్మ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మరీ దాచింది. నాన్న ఎడమ కంటికి కింది సగం చూపు ఇప్పుడు లేదు. ఇక రాదు కూడా.

ఆ రోజు నాన్నని క్యాంపుకి తీసుకెళ్ళింది నేనే. ప్లాస్టిక్ కుర్చీల వరస, వెనక వంటగదిలోంచి సాంబారు వాసన, మైకులో టోకెన్ నంబర్లు. తెల్లకోటు కుర్రాడి చేతిలో టీవీ రిమోట్‌కి పెద్దన్న లాంటి పరికరం ఒకటుంది. దాని ముందు సన్నటి తీగ, ఆ తీగ చివర ఆవగింజంత ప్లాస్టిక్ బొడిపె. కంటికి ఎదురుగా పెట్టి మీట నొక్కితే ఆ బొడిపె కంటి నల్లగుడ్డుని అలా తాకి ఇలా వెనక్కి వచ్చేస్తుంది. మత్తు చుక్కలు అక్కర్లేదు, నొప్పి లేదు, ఆరుసార్లు బీప్ బీప్ అని నంబర్ చూపించేసింది. గాలి బాగా కొట్టిన బంతి గోడకి తగిలి ఎలా విసురుగా వెనక్కి వస్తుందో, లోపల ఒత్తిడి ఎక్కువున్న కంటి మీద నుంచి ఆ బొడిపె కూడా అంత త్వరగా వెనక్కి తిరుగుతుంది, ఆ తేడాని బట్టే లెక్క కడతారు. ఇదంతా తర్వాత చదివి తెలుసుకున్నదే. అప్పుడు మాత్రం నోరు తెరుచుకుని చూశాను.

తర్వాత నల్ల కర్టెన్ వెనకాల ఫోన్ బిగించిన ఇంకో పరికరం. కంటి వెనక భాగాన్ని ఫోటో తీస్తుంది. నాన్నకి అప్పటికే అరవై ఎనిమిదేళ్ళు, కంటిపాప చిన్నది, పైగా శుక్లం మొదలవుతోంది. కుర్రాడు మూడుసార్లు ప్రయత్నించాడు, "కొంచెం పెద్దగా తెరవండి సార్, ఇంకొంచెం" అంటూ. ఫోటోలో ఏదో ఎర్రటి మసక వచ్చింది. వెనకాల టోకెన్లు పట్టుకుని ఎనభై మంది ఉన్నారు. ఫోటోలు సర్వర్‌కి వెళ్తాయనీ డాక్టర్ చూసి రిపోర్ట్ వాట్సాప్‌లో పంపిస్తారనీ చెప్పి నా నంబర్ తీసుకున్నాడు. చీటీ చేతికిస్తూ "ప్రెషర్ నార్మల్ దాన్ సార్, భయపడాదీంగ" అన్నాడు. నాన్న భయపడలేదు. రెండేళ్ళ పాటు అస్సలు భయపడలేదు, అదే వచ్చిన చిక్కు.

రెండేళ్ళ తర్వాత పెరంబూర్ స్టేషన్ ఫుట్ బ్రిడ్జి దిగుతూ ఆఖరి మెట్టు ఉందనుకోక పడ్డాడు. మోకాలు పగిలింది, వయసు అనుకున్నాం. తర్వాత అమ్మ గమనించింది, ఎడమ వైపు పెట్టిన కాఫీ గ్లాసుని చేత్తో తగిలించి ఒలకబోస్తున్నాడని, అదీ వారంలో మూడోసారని. మరి పేపరు చదువుతాడు, జిల్లా పేజీలో చిన్న అక్షరాలు కూడా కళ్ళజోడుతో చదివి వినిపిస్తాడు. చూపు బాగానే ఉంది కదా అని మేం మాట్లాడుకుంటూనే ఉన్నాం. తర్వాత తెలిసింది అది గ్లాకోమా అని, కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బు. అందులో మధ్య చూపు చివరిదాకా ఉంటుంది, అంచులు పోతాయి. పోయిన చోట నల్ల మచ్చ కూడా కనిపించదు, చుట్టుపక్కల ఉన్నదాంతో మెదడే అక్కడ అతుకు వేసేస్తుంది. మెట్టు ఉన్న చోట నేలే కనిపిస్తుంది. ఒక కన్ను వదిలేసింది రెండో కన్ను పూడ్చేస్తుంది కాబట్టి రెండు కళ్ళూ తెరిచి ఉన్నంతసేపూ మనిషికి తెలిసే అవకాశమే తక్కువ.

ఆస్పత్రిలో చుక్కలు వేసి, లెన్స్ పెట్టి వెనక నరం చూశారు. నరం కంట్లోకి వచ్చే చోట మధ్యలో చిన్న గుంట అందరికీ ఉంటుందట, నాన్న ఎడమ కంట్లో ఆ గుంట దాదాపు నరం అంచుదాకా తినేసింది. డాక్టరమ్మ అడిగింది, ఇంట్లో ఎవరికైనా గ్లాకోమా ఉందా అని. నాన్న లేదన్నాడు. ఆవిడ తమిళంలో కూడా అడిగింది, కణ్ నీర్ అళుత్త నోయ్ అని. అదీ లేదన్నాడు. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో అమ్మ తనలో తాను అనుకున్నట్టు అంది, "మీ అన్నయ్యకి నీటికాసులు కదూ, చివరి ఆరేళ్ళూ చెయ్యి పట్టుకుని నడిపించారు కదూ" అని. నేను అక్కడే ఆటోలో ఫోన్ తీసి వెతికాను. నీటికాసులన్నా గ్లాకోమా అన్నా ఒకటే.

మా పెదనాన్నది నెల్లూరు. చిన్నప్పుడు నీటికాసులంటే కంట్లో ఏవో నీళ్ళు నాణేల్లా పేరుకుంటాయని ఊహించుకునేవాణ్ణి. పెద్దవాళ్ళయితే అది శుక్లంలో ఒక రకం అనుకున్నారు, "ఆపరేషన్ చేయించుకోవడం ఆలస్యం చేశాడు, పాపం" అనేవాళ్ళు. అన్నకి వచ్చింది నెల్లూరి జబ్బు, తనకి వచ్చింది మద్రాసు జబ్బు అన్నట్టుంది నాన్న తీరు. ఏభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ, ఐసీఎఫ్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో తమిళంలోనే పని చేసి రిటైరైన మనిషికి కూడా జబ్బు పేర్లు మాత్రం పుట్టిన ఊరి మాటల్లోనే గుర్తుంటాయి. క్యాంపు ఫారంలో కూడా ఆ ప్రశ్న ఉంది. ఇంగ్లీషులో ఉంది. నేనే నింపాను. కాదు అని టిక్ పెట్టాను.

ఇంకోటి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా వాళ్ళ మీద పడి ఏడ్చినట్టవుతుంది. ఆ రాత్రి వాట్సాప్‌లో క్యాంపు తేదీ దాకా వెనక్కి వెళ్ళాను. పీడీఎఫ్ ఉంది. క్యాంపు అయిన నాలుగో రోజు, అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ళ లారీ గొడవకీ ఎవరిదో గుడ్ మార్నింగ్ మెసేజ్‌కీ మధ్య వచ్చి పడింది. నేను తెరవలేదు. ఫోటో స్పష్టంగా లేదు, జబ్బు ఉందో లేదో చెప్పలేం, కంటి డాక్టర్‌కి చూపించుకోండి అని రెండు వాక్యాలు. చీటీ మీద నార్మల్ అని ఉంది కదా, ఇక రిపోర్ట్ ఎవరు చూస్తారు?

కాబట్టి నేను ఈ పరికరాలకి వ్యతిరేకిని కాదు. వాటిని ఎవరి దగ్గరికి మోసుకెళ్తున్నాం, తర్వాత ఏం చేస్తున్నాం అన్నదాని మీదే నా గొడవంతా.

ముందు ఆ ప్రెషర్ నంబర్ సంగతి. కంటి ఒత్తిడి 10 నుంచి 21 మధ్య ఉంటే మామూలు అంటారు. దాన్నే జబ్బుకి సరిహద్దు గోడ అనుకుంటాం, అలాంటి గోడేమీ లేదు. గ్లాకోమా అంటే కంటి నరం దెబ్బతినడం, ఒత్తిడి దానికి పెద్ద కారణమే కానీ అదే జబ్బు కాదు. 18 దగ్గర కూడా కొందరి నరం అరిగిపోతుంది, 24 ఉన్నా కొందరికి ఏళ్ళ తరబడి ఏమీ కాదు. పైగా ఒత్తిడి రోజంతా ఒకేలా ఉండదు, నల్లగుడ్డు పల్చగా ఉన్నవాళ్ళలో ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఇది ఎక్కడో అమెరికా సంగతి కాదు. ఈ ఊళ్ళోనే శంకర నేత్రాలయ వాళ్ళు 2000ల మొదట్లో చెన్నై గ్లాకోమా స్టడీ అని చేశారు. నగరంలో నలభై దాటిన వాళ్ళలో 3.5 శాతం మందికి ఓపెన్ యాంగిల్ రకం గ్లాకోమా, అంటే కంట్లో నీరు బయటికి పోయే మూల తెరిచి ఉండగానే వచ్చే రకం, ఉంది. వాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా తమకా జబ్బుందని తెలియదు. ఎక్కువ మందికి ఆ రోజు ప్రెషర్ చూస్తే మామూలుగానే ఉంది. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటాస్పత్రి వాళ్ళ సర్వేలోనూ కథ దాదాపు ఇదే. అంటే ప్రెషర్ ఒక్కటే చూసి నార్మల్ అని రాసిచ్చే క్యాంపు, జబ్బున్నవాళ్ళలో సగానికి పైగా మందికి అభయహస్తం ఇచ్చి పంపిస్తోందన్నమాట. చీటీ లేకపోతే నాన్న ఏ కళ్ళజోడు మార్పించుకోవడానికో వెళ్ళినప్పుడైనా ఎవరో ఒకరు చూసేవారేమో. చీటీ ఉండబట్టి "మొన్నే చూపించాం కదా" అన్నాడు.

మనది అసలు కంటి జబ్బుకి తన పేరు అంటించుకున్న ఊరు. కళ్ళకలకని ఇక్కడందరూ మద్రాస్ ఐ అనే అంటారు. ఎగ్మోర్‌లో సర్కారు కంటాస్పత్రి 1819 నుంచి ఉంది, ప్రపంచంలోనే పాత కంటాస్పత్రుల్లో అదొకటి. మద్రాస్ ఐ వచ్చిందంటే వీధంతా నల్లకళ్ళద్దాలు, ఆఫీసుకి సెలవు, పక్కవాడి మొహం చూడ్డానికే భయం. వారంలో తగ్గిపోయే జబ్బుకి అంత హడావిడి. ఎర్రబడని, నొప్పి పెట్టని, నీరు కారని ఈ జబ్బుకి మాత్రం ఎవరికీ టెన్షన్ లేదు. (ఎర్రబడింది కదా అని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో కొన్నిట్లో స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టర్ చెప్పకుండా నెలల తరబడి వేసుకుంటే అదే గ్లాకోమా తెచ్చిపెట్టగలదు. దీని గురించి ఇంకోసారి విడిగా తిట్టుకుందాం.)

ఇక కెమెరా. నిజానికి గ్లాకోమాకి ప్రెషర్ మెషీన్ కన్నా కెమెరానే పనికొస్తుంది, ఎందుకంటే దెబ్బతినే చోటునే చూపిస్తుంది. కంటి నరంలో పది పన్నెండు లక్షల పోగులుంటాయి, వాటిలో మూడో వంతు దాకా పోయినా చూపు చుట్టూ ఎంతమేర ఉందో కొలిచే మామూలు ఫీల్డ్ టెస్ట్‌లో తేడా కనబడకపోవచ్చు, నరం ఫోటోలో మాత్రం గుంట పెరగడం, అంచు పల్చబడటం ముందే కనిపించొచ్చు. ఫోన్‌తో తీసే ఈ కెమెరాల్లో మనవాళ్ళు వెనకబడి లేరు, రెమిడియో, ఫోరస్ రెండూ బెంగళూరు కంపెనీలే. మా ఊళ్ళో ఎలిసార్ అనే కంపెనీ తలకి తగిలించుకునే ఫీల్డ్ టెస్ట్ పరికరం చేసింది, చీకటి గది, పెద్ద గిన్నె లాంటి మెషీన్ అక్కర్లేకుండా. ఆస్పత్రిలో ఆ పెద్ద మెషీన్ ముందు నాన్న చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కుతూ, పదో తరగతి పరీక్ష రాస్తున్నవాడిలా చెమటలు పట్టి కూర్చున్నాడు. బయటికొచ్చి "ఎన్ని తప్పులొచ్చాయో ఏమో" అన్నాడు.

అయితే కెమెరా చేతికొచ్చింది కదా అని దాన్ని జనం మీదికి తోలితే ఏమవుతుందో చూడండి, నేను లెక్కలు చూసుకునే ఉద్యోగంలో ఉన్నవాణ్ణి కాబట్టి ఇది నాకు బాగా ఎక్కింది. కెమెరా, వెనక కూర్చున్న డాక్టరో ఏఐనో కలిపి నూటికి తొంభై సార్లు కరెక్టుగా చెప్తారనే అనుకుందాం, జబ్బున్నవాళ్ళ విషయంలోనూ లేనివాళ్ళ విషయంలోనూ. నలభై దాటిన వెయ్యి మందిని కూర్చోబెట్టాం. చెన్నై లెక్క ప్రకారం అందులో 35 మందికి జబ్బుంది. వాళ్ళలో 31 మందిని పట్టుకుంటుంది, నలుగుర్ని వదిలేస్తుంది. బాగానే ఉంది. జబ్బు లేని 965 మందిలో 96 మందిని కూడా అనుమానం అంటుంది. అంటే పెద్దాస్పత్రికి వెళ్ళమని 127 మందికి చెప్తే నిజంగా జబ్బున్నవాడు నలుగురిలో ఒక్కడు. మిగతా ముగ్గురూ ఒక రోజు కూలీ పోగొట్టుకుని, చుక్కలు వేయించుకుని, మసక కళ్ళతో బస్సెక్కి ఇంటికొచ్చి "ఏమీ లేదన్నార్రా, ఊరికే తిప్పారు" అని వీధిలో చెప్తారు. ఆ తర్వాతి క్యాంపులో ఆ నాలుగోవాడు కూడా వెళ్ళడు.

ఇప్పుడు అదే కెమెరా, అదే తొంభై శాతం. కానీ వెయ్యి మందిని వీధిలోంచి కాకుండా గ్లాకోమా పేషెంట్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, నలభై దాటిన పిల్లల్లోంచి తెచ్చాం. నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్ స్టడీ అని ఒకటుంది, అందులో పేషెంట్ల అన్నదమ్ములు, పిల్లల్లాంటి దగ్గరివాళ్ళకి ఎనభై ఏళ్ళొచ్చేలోపు గ్లాకోమా వచ్చే అవకాశం 22 శాతం అని తేలింది, ఇంట్లో ఎవరికీ లేనివాళ్ళలో అది 2.3 శాతం. అంత వద్దు, మన వెయ్యి మందిలో వందమందికి ఉందనుకుందాం. 90 మంది దొరుకుతారు, లేనివాళ్ళలో ఇంకో 90 మంది అనుమానంలో పడతారు. పెద్దాస్పత్రికి వెళ్ళిన ఇద్దరిలో ఒకడికి నిజంగా జబ్బుంటుంది. కెమెరా మారలేదు, దాని ముందు కూర్చున్నవాళ్ళు మారారు.

ఈ వెయ్యి మందిని వెతకడానికి టోకెన్లు, మైకులు అక్కర్లేదు. ప్రతి గ్లాకోమా క్లినిక్‌లోనూ పేషెంట్ల ఫోన్ నంబర్లున్నాయి. ఒక్కో పేషెంట్‌కి ఇద్దరు ముగ్గురు తోడబుట్టినవాళ్ళుంటారు మన తరాల్లో. అదీ పేషెంట్ భాషలో, పేషెంట్ మాటతో అడగాలి. నీటికాసులు అనే మాట ఫారంలో ఉండుంటే నా పెన్ను అక్కడ ఆగేది. చెన్నైలో తెలుగువాళ్ళు లక్షల్లో ఉన్నారు, అయినా కంటికి సంబంధించి నేను చూసిన ఏ కాగితం మీదా ఆ మాట లేదు. "మీ ఇంట్లో ఎవరికైనా పెద్దయ్యాక మెల్లగా చూపు పోయిందా, చెయ్యి పట్టుకుని నడిపించాల్సి వచ్చిందా" అని అడిగితే జబ్బు పేరు తెలియకపోయినా చాలు.

అమెరికాలో స్క్రీనింగుల మీద సలహాలిచ్చే టాస్క్‌ఫోర్స్ 2013లోనూ 2022లోనూ ఒకే మాట చెప్పింది, ఏ ఇబ్బందీ లేని పెద్దవాళ్ళందరికీ గ్లాకోమా స్క్రీనింగ్ చేస్తే మేలో కాదో తేల్చడానికి ఆధారాలు చాలవని. ఇది చూపించి "అసలు ఈ క్యాంపులే దండగ" అనే డాక్టర్లు ఉన్నారు. సగం ఒప్పుకుంటాను. కానీ అక్కడ కళ్ళజోడు కోసం వెళ్ళినా ఎవరో ఒకరు నరం చూస్తారు, ఇక్కడ కళ్ళజోళ్ళ షాపులో పవర్ చూసి ఫ్రేమ్ అమ్ముతారు. జబ్బున్నవాళ్ళలో నూటికి తొంభై మందికి ఆ సంగతే తెలియని చోట ఏమీ చెయ్యకుండా కూర్చోమనడానికి నాకు నోరు రాదు.

దూరం నుంచి కళ్ళు చూడటం మనకి కొత్తేమీ కాదు. శంకర నేత్రాలయ 2003లోనే ఇస్రో ఉపగ్రహం సాయంతో బస్సులో పల్లెలకి వెళ్ళి చూపించింది. అరవింద్ కంటాస్పత్రి వాళ్ళ విజన్ సెంటర్లు ఊళ్ళల్లో రోజూ తెరిచే ఉంటాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది బెంగళూరు నారాయణ నేత్రాలయ వాళ్ళు 2008లో మొదలుపెట్టిన కిడ్రాప్. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల రెటీనాని, అంటే కంటి వెనక పొరని, జిల్లా ఆస్పత్రులకి వెళ్ళి ఫోటోలు తీస్తారు. అక్కడ కీలకం ఏమిటంటే కెమెరా మళ్ళీ వస్తుంది. అదే వార్డుకి, అదే బిడ్డ దగ్గరికి, ప్రమాదం దాటిందనేదాకా. మా మండపానికి వచ్చిన కెమెరా మళ్ళీ రాలేదు. ఆ ఆదివారం ఎంతమందిని చూశారో ఫ్లెక్సీ మీద వేశారు, ఆ తర్వాత ఎంతమంది ఆస్పత్రికి వెళ్ళారో ఎక్కడా వెయ్యలేదు. ఎవరైనా లెక్కపెట్టారా అని కూడా అనుమానమే.

లక్షల ఖరీదు చేసే పరికరం కొనడానికి దాతలు దొరుకుతారు, దాని మీద పేరు రాయించుకోవచ్చు కదా. నెలకి ఇరవై వేల జీతం మీద ఒక అమ్మాయిని పెట్టి, ఫోటో సరిగా రానివాళ్ళందరికీ ఫోన్ చేయించడానికి దాత దొరకడు. నాలుగో రోజు పీడీఎఫ్‌కి బదులు ఎవరో ఒకరు ఫోన్ చేసి "సార్, మీ నాన్నగారి ఫోటో రాలేదు, నార్మల్ అన్నది ప్రెషర్ ఒక్కటే, ఒకసారి చుక్కలు వేసి చూడాలి, ఏ రోజు వస్తారు" అని ఉంటే నేను తిట్టుకుంటూనైనా తీసుకెళ్ళేవాణ్ణి. ఫోటో రానివాళ్ళు తక్కువమందేమీ కాదు, చిన్న కంటిపాప, శుక్లం, వణికే తల, ఇవన్నీ ఉండేది ముసలివాళ్ళకే. జబ్బు ఎక్కువగా ఉండేదీ వాళ్ళకే. ఫోటో రాకపోవడం అంటే "తెలియదు" అని కాదు, "ముందు వీళ్ళని పిలవండి" అని. అన్నీ బాగా వచ్చినా కూడా, యాంగిల్ మూసుకుపోయే రకం గ్లాకోమాని వెనక తీసిన ఫోటో సరిగా చెప్పలేదు, దానికి డాక్టర్ కంటి మీద అద్దం పెట్టి మూల చూడాల్సిందే.

ఇప్పుడు నాన్న రోజూ రాత్రి తొమ్మిదింటికి రెండు కళ్ళల్లో ఒక్కో చుక్క వేసుకుంటాడు. వేసుకోడు, అమ్మ వేస్తుంది, ఆయన వేసుకుంటే సగం బుగ్గ మీద పడుతుంది. వేస్తే ఏమీ తెలియదు, మానేసినా ఏమీ తెలియదు, అలాంటి మందుని జన్మంతా వెయ్యడం ఎంత కష్టమో ఇంట్లో చూస్తున్నా. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టడానికే. ఒత్తిడి ఒక్క పాయింట్ తగ్గినా జబ్బు ముదిరే ప్రమాదం పది శాతం దాకా తగ్గుతుందని స్వీడన్‌లో చేసిన ట్రయల్ చెప్పింది. అది ఫ్రిజ్ మీద రాసి అంటించాను. ఆ చుక్కల వల్ల రెప్పల వెంట్రుకలు పొడుగవుతాయి. "ఈ వయసులో హీరోయిన్ కళ్ళు వచ్చాయి మీ నాన్నకి" అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది.

నేను కూడా చూపించుకున్నాను. నలభై మూడు. ఎడమ కంట్లో గుంట కాస్త పెద్దగా ఉంది, ఆరు నెలలకోసారి రమ్మన్నారు. తమ్ముడు హోసూరులో ఉంటాడు, వచ్చే నెల చూపించుకుంటానని మూడు నెలలుగా చెప్తున్నాడు.

మిగిలింది అత్త, నాన్న చెల్లెలు, నెల్లూరులో. అరవై నాలుగేళ్ళు. అన్నలిద్దరికీ వచ్చింది కాబట్టి అందరికన్నా ముందు చూడాల్సింది ఆవిడనే. నిన్న ఫోన్ చేశాను.

"నాకేందిరా, ఇప్పుడు కూడా కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తా" అంది.

నాన్న కూడా పేపరు చదివేవాడు అత్తా అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఈ మధ్య పెరట్లో తులసికోట గట్టు రెండుసార్లు కాలికి తగిలిందని చెప్పింది. శనివారం పినాకినికి టికెట్ తీశాను.